సూపర్వైజరు ఊపిరి లెక్క

మార్చి 3

చెల్లాయికి,

నువ్వు కొండెక్కి ఇరవై రోజులైంది. ఇల్లు ఉన్నచోటే ఉంది, అందులో నేనూ ఉన్నాను. ఈ రెండు ముక్కలు ముందే రాసేస్తే మిగతాది నువ్వు స్థిమితంగా చదువుతావు.

పంపుహౌసులో రెండో నంబరు పంపు మళ్ళీ మూలుగుతోంది. కొత్త ఇంజనీరు దాన్ని పీకేసి మోటారు పెడతానంటున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు దాని పక్కన నిలబడ్డవాణ్ణి, చప్పుడు విని ఏ వాల్వు అరిగిందో చెప్పగలనని అన్నాను. "అయితే మీరు రిటైరయ్యాక అది తన బాధ ఎవరికి చెప్పుకుంటుందండీ" అన్నాడు. మనిషి చిన్నవాడే గాని మాట పదును.

ఇక నీ పిల్లి. పిల్లికి బిచ్చం పెట్టనివాడినని నన్ను వీధంతా చాటేదానివి. ఇప్పుడు వచ్చి చూడు, పొద్దున్నే దానికి చేప ఉడికించి పెట్టాకే నేను టీ తాగుతున్నాను. మన అమ్మాయి దానికి సూపర్వైజరని ఊరికే పేరు పెట్టలేదు. నేను గిన్నెలు తోముతున్నంతసేపూ గడప మీద కూర్చుని చూస్తుంది, ఒక్క చెంచా ముట్టుకోదు.

ఈ మధ్య కాస్త డీలాగా ఉంది. పక్కకు వాలి పడుకోవడం మానేసింది. కోడిపెట్టలా ముడుచుకుని, ముందుకాళ్ళ మోచేతులు బయటికి పెట్టి, మెడ చాచి కూర్చుంటోంది. అలాగే కునుకు తీస్తోంది. కూర్చున్నచోటే పొట్ట ఎగిరెగిరి పడుతోంది. తిని బలిసిందనుకుంటాను, లేదా నీ మీద బెంగ. రెండూ కావచ్చు. నేను కూడా నీ మీద బెంగతో పూటకి ఒక రొట్టె ఎక్కువే తింటున్నాను.

చలికి చెవులు కప్పుకో.

నీ ఇంటి కాపలాదారు,
అన్నయ్య


మార్చి 10

అన్నయ్యకు,

ఉత్తరాల లారీ వారానికి రెండుసార్లే పైకొస్తుంది. ఫోను ఇక్కడ పలకదని నీకు తెలుసు. అందుకని చెప్పాల్సిందంతా ఇందులోనే చెబుతున్నాను, హాస్యాలు పక్కనబెట్టి చదువు.

రెండు వందల మందికి వండుతున్నాను. రోడ్డు పని వాళ్ళ ఆకలి ముందు నా గరిటె చాలడం లేదు. రాళ్ళు మోసే కంచరగాడిదలు నలభై ఉన్నాయి, వాటికో డాక్టరున్నాడు. పెద్దమనిషి, రోజూ అందరూ తిన్నాక వంటింటి బల్ల దగ్గర కూర్చుని తింటాడు. నీ ఉత్తరంలో పిల్లి సంగతి ఆయనకు చదివి వినిపించాను. నమలడం ఆపేశాడు.

బెంగపడ్డ పిల్లి దాక్కుంటుందట గాని, మోచేతులు ఎడంగా పెట్టి మెడ చాచి కూర్చోదట. ఊపిరి అందని పిల్లి అలా కూర్చుంటుందట. పిల్లులు కుక్కల్లా మూలగవు, చెప్పుకోవు, కూర్చునే తీరు మార్చుకుంటాయి అంతే, అన్నాడు. నువ్వు చేయాల్సింది ఇది. అది మంచి నిద్రలో ఉన్నప్పుడు, ముట్టుకోకుండా, దూరంగా కూర్చుని ఊపిరి లెక్కపెట్టు. రొమ్ము పైకి లేచి కిందికి దిగితే ఒకటి. నిమిషానికి ఎన్నో చూడు. ముప్ఫై లోపైతే గాభరా పడక్కర్లేదు. దాటితే ఆ రోజే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నోరు తెరిచి రొప్పితే లెక్క కూడా వద్దు, అప్పటికప్పుడు పరిగెత్తాలి.

అది నాకు పిల్లి కాదన్నయ్యా. మా పిల్ల దూది ముంచి పాలు పట్టి బతికించిన ప్రాణి. పిల్ల పోయి రెండేళ్ళు నిండాయి. ఇప్పటికీ అది పిల్ల మంచం మీద కాళ్ళవైపే పడుకుంటుంది. పిల్లతో ఒక ఇంట్లో బతికినవాళ్ళం నువ్వూ నేనూ అదీ, ముగ్గురమే మిగిలాం.

లెక్క వెంటనే రాయి.

చెల్లెలు


మార్చి 17

చెల్లాయికి,

నీ ఉత్తరం అందిన రోజే పని పూర్తి చేశాను. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి సూపర్వైజరు కిటికీ పక్క కుర్చీలో ఎండకు నిద్రపోతోంది. చెప్పులు విప్పి, పిల్లి కన్నా మెల్లగా నడిచి, ఎదురుగా పీట మీద కూర్చున్నాను. నా వయసు మనిషికి అంత కిందికి కూర్చోవడమే ఒక ఉద్యోగం.

పంపుహౌసులో ఎలా లెక్కపెడతానో అలాగే పెట్టాను. చేతిగడియారం మోకాలి మీద పెట్టుకుని, పెదవులు కదపకుండా. మొదటిసారి ఇరవై మూడు. నమ్మకం చాలక మళ్ళీ పెట్టాను, ఇరవై నాలుగు. మూడోసారి కూడా ఇరవై నాలుగే. కాగితం మీద తేదీతో సహా రాసి జేబులో పెట్టుకున్నాను. గాడిదల డాక్టరు గారికి చెప్పు, ఇది ముప్ఫై ఒక్క ఏళ్ళుగా గంట గంటకూ రిజిస్టరు నింపిన చెయ్యి, లెక్క తప్పదని.

ముప్ఫై లోపే ఉంది కదా. తిండి మాత్రం కాస్త తగ్గింది. చేప వాసన చూసి, నన్ను చూసి, వెళ్ళిపోతోంది. నా వంట నేను తినగా లేనిది దానికేం వచ్చింది?

కులాసాగా ఉండు.

అన్నయ్య


మార్చి 24

అన్నయ్యకు,

ఇరవై నాలుగు అని చదివి, పొయ్యి ముందే కూలబడి నవ్వాను. పప్పు కడిగే ఆవిడ నాకేదో అయిందనుకుంది. నువ్వు పీట మీద కూర్చోవడం తలుచుకుని ఇంకా నవ్వొచ్చింది. లేచేటప్పుడు ఎవరైనా సాయం పట్టారా?

ఇక నాకు నిశ్చింత. బరువెక్కి ఆయాసపడుతోందేమో, తిండి కాస్త తగ్గించే పెట్టు. వద్దన్నప్పుడు బతిమాలకు. ఇక్కడ మేనేజరు ఇంకో నెల ఉండమన్నాడు, సరేనన్నాను. మంచు కరిగేలోపు వంతెన దాకా రోడ్డు వెయ్యాలట. కడుపు నిండకపోతే వాళ్ళ చేతులు ఆడవు.

ఒక మాట. నువ్వు మూడుసార్లు లెక్కపెట్టావని చదివినప్పుడు, ఈ శ్రద్ధ ఆ రోజు మా పిల్ల మీద పెట్టి ఉంటే అనిపించింది. రాయకూడదనుకుంటూనే రాశాను. కొట్టేస్తే ఇంకా వికారంగా కనిపిస్తుంది, అందుకని ఉంచేశాను.

చెల్లెలు


ఏప్రిల్ 1

చెల్లాయికి,

ఉంచేసినందుకు సంతోషం. రెండేళ్ళుగా నీ కళ్ళల్లో చదువుతున్నదే ఇప్పుడు కాగితం మీద చదివాను.

అవును, నేనే అన్నాను. అమ్మాయి మూడో అంతస్తు మెట్ల మధ్యలో ఆగి, గోడ పట్టుకుని నిలబడినప్పుడు, "అలసటేలే, పరీక్షలకు రాత్రీపగలూ చదివితే అంతే" అన్నది నేనే. అది గుండె వాపని పది రోజుల తర్వాత ఆసుపత్రిలో చెప్పారు, అప్పటికి చెప్పడానికే గాని చేయడానికేం మిగల్లేదు. నేను డాక్టర్ని కాను చెల్లీ. నీళ్ళ పంపు నడిపేవాణ్ణి. పంపు మూలిగితే నాకు తెలుస్తుంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల నవ్వుతూ గోడ పట్టుకుంటే తెలియలేదు. ఆ మెట్లు నేను రోజూ ఎక్కుతున్నాను. ఆ మలుపు దగ్గర నా కాళ్ళు వాటంతట అవే ఆగుతాయి. నీకిది తెలియాలని ఇంతవరకూ అనుకోలేదు, ఇప్పుడు తెలుసుకో.

పిల్లికి నువ్వు చెప్పినట్టే తిండి తగ్గించాను. సగం పెట్టినా సగంలో సగం మిగులుతోంది. రోజంతా కుట్టుమిషను కింద కూర్చుంటోంది, అమ్మాయి మంచం ఎక్కడం మానేసింది. ఇవాళ మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై ఏడు. పెరిగింది, ఒప్పుకుంటాను, కానీ ముప్ఫై దాటలేదు. దాటిన రోజున నువ్వు చెప్పేదాకా ఆగను.

అన్నయ్య


ఏప్రిల్ 8

అన్నయ్యకు,

పుండు మీద కారం చల్లి, మండుతోందా అని అడిగే రకాన్ని నేను. క్షమించమని అడగడం రాదు నాకు, చిన్నప్పుడూ రాలేదు. అడిగాననుకో.

తిండి తగ్గించమన్నది నా తెలివితక్కువ. అది ఏం తింటే అది పెట్టు. లెక్క ఎంతైనా సరే, ఈ ఉత్తరం అందగానే దాన్ని డాక్టరుకు చూపించు. గాలి ఆడే పెట్టెలో తీసుకెళ్ళు, సంకలో నొక్కి పట్టుకోకు.

చెల్లెలు


ఏప్రిల్ 9

చెల్లాయికి,

ఎలా రాయాలో తెలియక రెండు కాగితాలు చింపేశాను. సూపర్వైజరు మొన్న ఏడో తారీకున పోయింది. నిద్రలోనే పోయింది. బాధపడలేదు. కింద పెరట్లో గోడవారగా పాతిపెట్టి, కుక్కలు తవ్వకుండా పైన రాళ్ళు పేర్చాను.

నువ్వు అక్కడ ఒక్కదానివే ఉన్నావు. డాక్టరు గారికైనా చెప్పుకో, లోపల పెట్టుకోకు.

అన్నయ్య


ఏప్రిల్ 17

అన్నయ్యకు,

నీ ఉత్తరం లారీ డ్రైవరు నా చేతికిచ్చినప్పుడు పిండి కలుపుతున్నాను. పిండి చేతులతోనే చదివాను. కాగితం ఇప్పటికీ అట్టకట్టి ఉంది.

పిల్ల పోయినప్పుడు ఏడవడానికి జనం ఉన్నారు. పిల్లి కోసం ఏడిస్తే ఎవరైనా ఏమంటారోనని సామాను గదిలోకి వెళ్ళి, ఉల్లిపాయల బస్తాల మధ్య కూర్చున్నాను. అక్కడైతే ఎవరూ కారణం అడగరు.

నిద్రలో పోయిందన్నావు, ఆ ఒక్క మాటా పట్టుకుని లేచాను. మనవల్ల ఏ లోటూ జరగలేదు. పీట మీద కూర్చుని మూడుసార్లు లెక్కపెట్టినవాడివి నువ్వు. ఎవరు పెడతారు అలా? లెక్క సరిగ్గా ఉన్నా పోయిందంటే దాని ఆయుష్షు అంతే అనుకోవాలి.

అన్నయ్యా, పిల్ల గురించి నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కాగితం మీద ఉన్నదొక్కటే కాదు, రెండేళ్ళుగా కళ్ళతో అన్నది కూడా. నువ్వు చూసే మనిషివే. ఈసారి చూశావుగా. ఆ రోజు ఎవరికీ తెలిసే వీలు లేదు, నీకూ లేదు. ఇక ఆ మెట్ల మలుపులో ఆగకు.

నీ చెల్లెలు


ఏప్రిల్ 25

చెల్లాయికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. రెండేళ్ళుగా నేను ఎదురుచూసిన మాటలన్నీ అందులో ఉన్నాయి. వాటిని తీసుకోవడానికి నాకు హక్కు లేదు. అందుకని నిజం రాస్తున్నాను, చివరిదాకా చదువు.

పిల్లి నిద్రలో పోలేదు.

ఏడో తారీకు పొద్దున పాలు పోద్దామని కుట్టుమిషను కిందికి వంగితే నోరు తెరిచి రొప్పుతోంది. నాలుక నీలంగా మారింది. అట్టపెట్టెకు చిల్లులు పొడిచి, తువ్వాలు పరిచి, అందులో పెట్టి బస్సెక్కాను. పక్కన కూర్చున్నావిడ పెట్టెలోకి చూసి, కిటికీ పూర్తిగా తెరిచింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ పేరు గీరు అడగకుండా పెట్టె లాక్కుని, దాన్ని ఆక్సిజన్ వచ్చే అద్దాల గదిలో పెట్టింది. ఆ తర్వాత నా వైపు తిరిగి, "ఇంట్లో ఎప్పుడైనా ఊపిరి లెక్క చూశారా" అని అడిగింది.

నాకు గర్వంగా అనిపించింది చెల్లీ. అది లోపల కొట్టుకుంటుంటే కూడా గర్వంగా అనిపించింది. జేబులో కాగితం తీసి చేతికిచ్చాను. ఇరవై మూడు, ఇరవై నాలుగు, ఇరవై నాలుగు, ఇరవై ఏడు. ఆమె కాగితం చూసి, పిల్లిని చూసి, "నిమిషం పాటు లెక్కపెట్టారా బాబాయిగారూ" అంది.

"లేదమ్మా, అర నిమిషం. మేం పంపుహౌసులో అంతే పెడతాం" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి బయటికొచ్చి నా చెవిన పడ్డాకే నాకు అర్థమైంది.

నీకు ఇది తెలియదు. మా రిజిస్టరులో పంపు దెబ్బలు అర నిమిషానికి ఎన్నో అంతే రాస్తాం. పైన ఆఫీసులో గుమాస్తా దాన్ని రెండింతలు చేసి ఇంకో పుస్తకంలో ఎక్కించుకుంటాడు. చేరిన రోజునే మేస్త్రీ చెప్పాడు, "నువ్వు లెక్కపెట్టి ఊరుకో, రెండింతలు చేయడం మన పని కాదు" అని. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్కరోజు కూడా చేయలేదు. నువ్వు నిమిషానికని స్పష్టంగానే రాశావు. చదివాను కూడా. పీట మీద కూర్చుని గడియారం చూడగానే, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. ముల్లు సగం తిరగ్గానే ఆపి, అంకె వేశాను. నీకు ఇరవై నాలుగని రాసిన రోజు అది నలభై ఎనిమిది. ఇరవై ఏడన్న రోజు యాభై నాలుగు.

డాక్టరమ్మ దాని రొమ్ములోకి సూది పెట్టి నీరు తీసింది. చిన్న పిల్లి, అన్ని నీళ్ళు ఎక్కడ పట్టాయో, స్టీలు గిన్నెలో సగం దాకా వచ్చాయి. గుండె జబ్బు వల్ల ఊపిరితిత్తుల చుట్టూ చేరాయట. మొదట్లోనే తెచ్చి ఉంటేనో అని అడిగాను. అబద్ధం చెప్పమని కళ్ళతో బతిమాలుతూనే అడిగాను. "నీరు తీసి మందులు వాడితే కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాది కూడా బాగానే ఉంటాయండీ" అంది. పదకొండుంపావుకు పోయింది. కళ్ళు తెరుచుకునే పోయింది. నేను అద్దానికి చెయ్యి ఆనించి నిలబడ్డాను, అది నా వైపు చూడలేదు.

నీకు ముందు అబద్ధం రాశాను. నీ కోసమని నాకు నేను చెప్పుకున్నాను. నా కోసమే. నువ్వు నా మీద దయ చూపిస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలనిపించింది. చూశాను. నీ దయ నాకు చెందదు, తిరిగి తీసేసుకో. మెట్ల మీద అమ్మాయి విషయంలో నువ్వు అన్నదే నిజం. నేను చూస్తాను గాని, చూసినదేమిటో నాకు తెలియదు.

అన్నయ్య


మే 4

అన్నయ్యకు,

నీ ఉత్తరం వచ్చి ఐదు రోజులైంది. మొదటి రెండు రోజులూ నిన్ను తిట్టాను. వంటింట్లో పెద్ద గొంతుతో, పేరు పెట్టి తిట్టాను. అర నిమిషం లెక్కేమిట్రా, నిమిషమంటే తెలియదా అని. మూడో రోజు తిట్లు అయిపోయాయి. ఇక నా వంతు మిగిలింది.

మార్చిలో నీ ఇరవై నాలుగు వచ్చిన రోజు గాడిదల డాక్టరుకు చూపించాను. ఆయన సంతోషించలేదు. "కూర్చునే తీరు అలా ఉండి, తిండి మానేస్తుంటే ఈ అంకె అతకదమ్మా. మళ్ళీ లెక్కపెట్టమని రాయండి. అసలు లెక్క మాట వదిలేసి, ఆసుపత్రికి తీసుకెళ్ళమనండి" అన్నాడు. ఆ సాయంత్రమే కూర్చుని నీకు ఉత్తరం రాశాను. ఆ ఉత్తరం నీ దగ్గరే ఉంటుంది, తీసి చూడు. నవ్వాను, నిశ్చింత, ఇంకో నెల ఉంటాను, అన్నీ ఉన్నాయి. ఆయన మాట ఒక్కటి లేదు.

మరిచిపోలేదు. నాకు కావాల్సిన అంకె నువ్వు పంపావు, ఇంకోసారి అడిగితే అది మారిపోతుందేమోనని అడగలేదు. పిల్లికి జబ్బంటే నేను కొండ దిగి రావాలి. ఆ గదిలో, ఆ మంచం పక్కన, మళ్ళీ ఒక ప్రాణి ఊపిరి వింటూ కూర్చోవాలి. అంతకన్నా రెండు వందల మందికి వండడమే నాకు సుఖంగా ఉంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడడం లేదనుకుంటుందట. నేను తాగాను, పోయింది మాత్రం ఆ పిల్లి. ఏప్రిల్‌లో మనసు ఆగక, లెక్క ఎంతైనా చూపించమని రాశాను. ఆ ఉత్తరం నీకు అందేసరికి నువ్వు రాళ్ళు పేర్చడం కూడా అయిపోయింది.

ఇంకొకటుంది. ఇది రాస్తే నువ్వు నా మొహం చూస్తావో లేదో తెలియదు. పిల్ల మెట్ల మీద ఆగింది ఆ రోజు మొదటిసారి కాదు. అంతకు వారం ముందు కూడా ఆగింది, నేను వెనకే ఉన్నాను. పెదవులు పాలిపోయి ఉన్నాయి. ఏమిటే అంటే ఏం లేదమ్మా అంది, నేను సరేనన్నాను. నీకు చెప్పలేదు. ఆ రోజు నువ్వు చూసినప్పుడు "అలసటే కదన్నయ్యా" అని ముందు అన్నది నేను. నువ్వు అవునన్నావు, అంతే. ఆ జవాబు నీ నోట్లో పెట్టింది నేను. రెండేళ్ళు నిన్ను దోషిగా చూస్తుంటే నా పని కాస్త తేలికైంది.

మేనేజరుకు చెప్పేశాను. శుక్రవారం లారీకి దిగుతున్నాను, ఆదివారం మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటాను. బస్టాండుకు రావద్దు. వంట కూడా చేయకు. ఎదురెదురుగా కూర్చుని, పిల్లకు మొదటి ఆయాసం వచ్చిన రోజు నుంచి ఒక్కో రోజూ చెప్పుకుందాం. నువ్వు ఏం చూశావో దాచకుండా చెప్పు, నేను చూసింది నేను చెబుతాను. అదంతా అయ్యాక కూడా ఒక ఇంట్లో ఉండగలిగితే, ఉందాం.

చెల్లెలు